కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది... తప్పు కరెంటుదా, ప్రాసెసర్‌దా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి బతుకుతున్నాను. 2024 నవంబరు 20న హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో రూ.1,62,000 పెట్టి ఇంటెల్ ఐ7-14700కే ప్రాసెసర్‌తో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాను. 2025 ఫిబ్రవరి 11 నుంచి పని మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. విండోస్ రెండుసార్లు ఫార్మాట్ చేశాను. దుకాణం వాళ్లు రూ.8,500 తీసుకుని ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చారు. అయినా తగ్గలేదు. ఇప్పుడేమో ‘మీ ఊళ్లో రైస్ మిల్లుల వల్ల కరెంటు సరిగ్గా ఉండదు, మా బాధ్యత లేదు’ అంటున్నారు. ఒక పెళ్లి వీడియో సమయానికి ఇవ్వలేక అడ్వాన్సు తిరిగిచ్చాను, పెళ్లివారి దగ్గర పరువు పోయింది. దుకాణంలో నలుగురి ముందు ‘నీకు వాడడం రాదు’ అన్నారు. వారి మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? వోల్టేజీ పెంచి ప్రాసెసర్‌ను పూర్తిగా కాల్చేస్తే కంపెనీ మారు మాట్లాడకుండా కొత్తది ఇస్తుందని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. బిల్లులో ‘ఐ7 సిస్టమ్ – 1’ అని ఒక్క లైనే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: దుకాణంలో ఎవరేమన్నారు, పెళ్లివారు ఎంత నొచ్చుకున్నారు అన్నవి మీ కేసును గెలిపించవు. తేలాల్సింది ఒక్కటే: లోపం మీకు అమ్మిన వస్తువులో ఉందా, మీ ఇంటి కరెంటులో ఉందా? వస్తువులో అయితే ఏ భాగంలో? దుకాణదారు ‘కరెంటు’ అన్న ఒక్క మాటతో తప్పించుకోగలుగుతున్నాడంటే, అది కాదని చూపే కాగితం మీ దగ్గర ఒక్కటీ లేదు కాబట్టే.

ఆ కాగితం ఒకప్పుడు మీ దగ్గర ఉంది. ఫార్మాట్ చేసి మీరే చెరిపేశారు. కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ విండోస్ తన చిట్టాలో రాసుకుంటుంది. ఒకసారి కాదు, రెండుసార్లు ఆ చిట్టా తుడిచేశారు. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాతది వెనక్కి తీసుకున్నారా? ఎందుకు మార్చారో జాబ్ షీటు మీద రాయించుకున్నారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. రూ.1,62,000 వస్తువుకు సీరియల్ నంబర్లు లేని ఒక్క లైను బిల్లు పట్టుకుని రావడం అన్నిటికన్నా పెద్ద నిర్లక్ష్యం. రేపు వినియోగదారుల కమిషన్‌లో ‘ఈ ప్రాసెసర్ మేం అమ్మింది కాదు’ అని వారంటే ఏం చూపిస్తారు?

అయినా దారి మూసుకుపోలేదు. కంప్యూటర్ ఇప్పటికీ ఆగుతూనే ఉంది కాబట్టి సాక్ష్యం మళ్లీ పుడుతుంది. ఈసారి దాన్ని పట్టుకోండి.

ముందుగా సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ‘స్టార్టప్ అండ్ రికవరీ’ కింద ఉన్న ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్కు తీసేయండి. అది ఉన్నంతకాలం నీలం తెర (విండోస్ ఆగిపోయినప్పుడు ఎర్రర్ కోడ్ చూపే తెర, కొత్త విండోస్ 11లో అది నల్లగా ఉంటుంది) వచ్చినా మీ కంట పడకముందే సిస్టమ్ మళ్లీ మొదలవుతుంది. టిక్కు తీశాక నీలం తెర మీద కోడ్ నిలిస్తే ఫొటో తీయండి. ఆ తెర, కోడ్ ఏదీ లేకుండా ఒక్క క్షణంలో ఆరిపోతే అనుమానం ముందు ఎస్‌ఎంపీఎస్, ప్లగ్గు, ఇన్వర్టర్ మీదికి వెళుతుంది. అయితే ప్రాసెసర్ కూడా కొన్నిసార్లు అలాగే పడేస్తుంది కాబట్టి అక్కడితో ఆగకండి.

తర్వాత విండోస్ చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ‘సిస్టమ్’ లాగ్ (చిట్టా) తెరవండి. కెర్నల్-పవర్ 41 అన్న ఎర్ర గుర్తు ప్రతిసారీ ఉంటుంది. దాన్ని చూసి ‘పవర్ అని రాసింది, కాబట్టి కరెంటే’ అని దుకాణంవారు వాదిస్తారు, చాలామంది నమ్ముతారు కూడా. అది తప్పు. సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదు అన్నంతవరకే ఆ 41 చెబుతుంది, ఎందువల్ల అన్నది చెప్పదు. దానిలోని బగ్‌చెక్ కోడ్ 0 కాకుండా వేరే అంకె ఉంటే, నీలం తెర వచ్చి పడిందని అర్థం. మీకు కావాల్సింది ‘వియా-లాగర్’ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసేది) పేరుతో వచ్చే 18, 19 నంబర్ల ఎంట్రీలు. 18 అంటే హార్డ్‌వేరే తన తప్పును తాను నివేదించింది. దానిలో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ (తప్పు ఏ కోర్‌లో వచ్చిందో చెప్పే సంఖ్య), తప్పు రకం ఉంటాయి. ‘ఇంటర్నల్ ప్యారిటీ ఎర్రర్’ అని, మళ్లీ మళ్లీ అదే ఏపీఐసీ ఐడీ వస్తూ ఉంటే చూపుడువేలు ప్రాసెసర్‌లోని ఒక కోర్ వైపు తిరిగినట్టే. వారానికోసారి ఆ లాగ్ మొత్తాన్ని ఫైలుగా సేవ్ చేసి వేరే డ్రైవులో పెట్టండి. నిండితే పాతవి చెరిగిపోతాయి. సి డ్రైవులో విండోస్ ఫోల్డర్ లోపలి మినీడంప్ ఫైళ్లనూ (ఆగిన క్షణం వివరాలు ఉండేవి) కాపీ చేయండి.

ఇక కరెంటు వాదన. దాన్ని తోసిపుచ్చాలంటే ముందు మీరు నిజాయతీగా పరీక్షించాలి, ఎందుకంటే అది నిజం కావచ్చు కూడా. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనుక ‘యూపీఎస్ – నార్మల్’ స్విచ్ చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. సాధారణ ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ లోడు మీద నిలబడగలిగేది సుమారు 16, 17 మిల్లీసెకన్లే. ఆ తేడాలోనే సిస్టమ్ పడిపోతుంది, ప్రాసెసర్ తప్పేమీ ఉండదు. యూపీఎస్ మోడ్‌కు మార్చండి. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కు ఎర్తింగ్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి, రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎర్తింగ్ బాగు చేయించండి. ఆపైన సిస్టమ్‌ను మిల్లులకు దూరంగా ఉన్న వేరే ఇంటికి, వీలైతే నల్గొండలోనో హైదరాబాద్‌లోనో బంధువుల ఇంటికి తీసుకెళ్లి నాలుగైదు రోజులు అదే పని చేయండి. అక్కడా ఆగితే ‘మిర్యాలగూడ కరెంటు’ వాదన అక్కడితో సరి. తేదీ, చోటు, వీడియో ఉండాలి. మీ వీధిలో లో-వోల్టేజీ నిజంగానే ఉంటే విద్యుత్ సంస్థ 1912 నంబరుకు ఫోన్‌లో ఫిర్యాదు చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. దాచిపెడితే ఎదురు పక్షం బయటపెడుతుంది.

కరెంటు తేలాక భాగాలు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) అన్నీ డిఫాల్ట్‌కు మార్చి, ర్యామ్‌ను మామూలు కన్నా వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీని ఆపేసి చూడండి. ఎక్స్‌ఎంపీ ఆన్‌లో పెట్టి వాడితే ‘ఓవర్‌క్లాక్ చేశారు’ అనే సాకు వారికి దొరుకుతుంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను నాలుగు పాస్‌లు పూర్తిగా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒక్కో ర్యామ్ స్టిక్ విడిగా పెట్టి మళ్లీ నడపండి. ర్యామ్ శుభ్రంగా ఉంటే ఓసీసీటీ వంటి లోడ్ టెస్టు పెట్టి వేడి చూడండి. మీ ప్రాసెసర్ గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. దానికి తగిలితే మామూలుగా వేగం తగ్గించుకుంటుందే తప్ప రీస్టార్ట్ కాదు. చివరిగా బయోస్‌లో పెద్ద కోర్ల గరిష్ఠ వేగాన్ని 53కు (అంటే 5.3 గిగాహెర్ట్జ్‌కు) దించి రెండు మూడు రోజులు పని చేయండి. అప్పుడు ఒక్కసారీ ఆగకుండా, మళ్లీ పెంచగానే ఆగితే అనుమానం బలంగా ప్రాసెసర్ మీదే. పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్లు (ఫైలు చెడిందని చెప్పేవి), గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగడం, ఎక్స్‌పోర్ట్ మధ్యలో ప్రోగ్రామ్ మూసుకుపోవడం కూడా రాసి ఉంచండి. ఇవన్నీ ఈ తరం ప్రాసెసర్లకు వచ్చే ఒక జబ్బు లక్షణాలు కావచ్చు.

ఆ జబ్బు సంగతి మీకు తెలిసి ఉండాలి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల అస్థిరత వస్తోందని ఇంటెల్ 2024లో తానే ప్రకటించింది. మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను లోపల నడిపించే చిన్న ప్రోగ్రామ్, బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది) సవరణలు 0ఎక్స్129 ఆగస్టులో, 0ఎక్స్12బీ సెప్టెంబరులో, 0ఎక్స్12ఎఫ్ 2025లో విడుదల చేసింది. అవి జబ్బు రాకుండా ఆపేవే కానీ, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగు చేయవని కూడా చెప్పింది. మీ మోడల్ ఉన్న జాబితాకు వారంటీని మరో రెండేళ్లు, అంటే కొన్న తేదీ నుంచి మొత్తం ఐదేళ్లకు పెంచింది. మీ సిస్టమ్‌లో లోపం ఇదేనని నేను అనడం లేదు. అది పరీక్ష చెప్పాలి. కానీ ఇక్కడ మీకు ఒక బలమైన వాదన ఉంది. మీరు కొన్నది 2024 నవంబరులో. సవరణ అప్పటికే వచ్చేసింది. పాత బయోస్‌తోనే బోర్డు బిగించి ఇచ్చి, మీకు ఆ మాట చెప్పకపోతే, అది అమ్మినవాడి సేవాలోపం అని వాదించవచ్చు. అందుకే బయోస్ అప్‌డేట్ చేసే ముందు ఇప్పుడున్న వెర్షన్, మైక్రోకోడ్ నంబరు కనిపించేలా తేదీతో వీడియో తీయండి. హెచ్‌డబ్ల్యుఇన్‌ఫో అన్న ప్రోగ్రామ్‌లో అది కనిపిస్తుంది. ముందే అప్‌డేట్ చేసేస్తే ఈ సాక్ష్యమూ ఫార్మాట్ చేసిన లాగ్‌ల దారే పడుతుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి సలహా. ఆ పని చేయకండి. ఎంత కోపం వచ్చినా, ఎంత తొందర ఉన్నా చేయకండి. కావాలని కాల్చిన వస్తువును ‘దానంతటదే పాడైంది’ అని చెప్పి కొత్తది తీసుకోవడమే మోసం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మీ మీదికే తిరుగుతుంది. దుకాణదారు మీద పెట్టాలనుకున్న కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. పైగా బయోస్‌లో మీరు పెంచిన వోల్టేజీ, కాలిన సాకెట్ అన్నీ కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, కాలిపోయిన ప్రాసెసర్‌లో మొదటి లోపం ఏమిటో ఏ పరీక్షా చెప్పలేదు. మీ కేసులో ఉన్న ఒకే ఒక సాక్షిని మీ చేత్తో చంపినట్టవుతుంది. అలాగే దుకాణంవారు ‘ఇంత కట్టు, మార్చి ఇస్తాం’ అని ‘ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు’ అన్న కాగితం ముందు పెడితే సంతకం చేయకండి.

చీటింగ్ కేసు కూడా నిలబడదు. అమ్మిన రోజునే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. వస్తువు మూడు నెలలు నడిచాక పాడైతే పోలీసులు అది సివిల్ వివాదమని తిప్పి పంపుతారు. మీ దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019.

అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న: వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారు ఎలా అవుతారు? భయపడాల్సిన పని లేదు. స్వయం ఉపాధితో జీవనం కోసం తానే వాడుకునే వస్తువుకు, వ్యాపారం కోసం కొన్నవారిని పక్కన పెట్టే ఆ మినహాయింపు వర్తించదని చట్టంలోని వివరణే చెబుతోంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు, టైప్‌రైటర్ కొని తానే టైపు చేసి బతికేవాడు వినియోగదారే అంది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదంది. కాబట్టి ఫిర్యాదులో ‘నేనే స్వయంగా ఎడిటింగ్ చేసి జీవిస్తున్నాను’ అని స్పష్టంగా రాయండి. అది రాయకపోవడం వల్లే మొదటి మెట్టు మీద పడిపోయే ఫిర్యాదులుంటాయి.

గడువు రెండేళ్లు, 69వ సెక్షన్. ఎప్పటి నుంచి అన్నదానిమీద వాదనలుంటాయి, మీరు వాటి మీద ఆధారపడకండి. మొదటిసారి ఆగిన 2025 ఫిబ్రవరి 11 నుంచే లెక్కించి, 2027 ఫిబ్రవరి 10 లోపు ఫిర్యాదు నమోదయ్యేలా చూసుకోండి. వాట్సాప్‌లో ‘చూద్దాం సార్, వచ్చే వారం’ అన్న జవాబులు గడువును పొడిగించవు. ఇంటెల్ వారంటీ ఐదేళ్లున్నా, దానికీ కమిషన్ గడువుకూ సంబంధం లేదు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి క్షమించమని అడగాలి, అది కమిషన్ ఇష్టం.

ఇక వరుస. దుకాణానికి, ఇంటెల్ కస్టమర్ సపోర్టుకు ఇద్దరికీ రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ప్రాసెసర్ పెట్టె ఉంటే దాని మీది ఎఫ్‌పీఓ (బ్యాచ్), ఏటీపీఓ (సీరియల్) నంబర్లు పంపండి. పెట్టె పారేసి ఉంటే ఎఫ్‌పీఓ ప్రాసెసర్ మూత మీదా ఉంటుంది. కానీ మీరే కూలర్ ఊడదీయకండి. ఈ సాకెట్‌లో సూదులు బోర్డు వైపు ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు వారంటీ పోయిందంటారు. సర్వీస్ సెంటర్లో, వారి చేత, వీడియో తీస్తూ తీయించండి. పెట్టె లేకుండా ట్రే ప్రాసెసర్ బిగించి ఉంటే వారంటీ అమ్మినవారి ద్వారానే అడగాలి. దుకాణం నుంచి సీరియల్ నంబర్లతో సవరించిన బిల్లు ఈమెయిల్లో అడగండి. ఇవ్వకపోతే ఆ మౌనమూ మీకు సాక్ష్యమే.

పదిహేను రోజులు చూసి స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఆ తర్వాత నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కొన్నది హైదరాబాద్‌లో అయినా మీరు ఉండే చోట వేసే హక్కు 34వ సెక్షన్ ఇస్తోంది. చెల్లించిన ధర 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. దుకాణం, తయారీదారు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. పరీక్ష లేకుండా తేలని లోపం కనుక 38వ సెక్షన్ కింద సీలు వేసి ల్యాబుకు పంపమని అదే రోజు దరఖాస్తు పెట్టండి, ల్యాబు ఖర్చు ముందు మీరే కట్టాలి. లాగ్ ఫైళ్లకు, వాట్సాప్ సంభాషణలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయండి. అందులో రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైళ్ల హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అక్షరాలు, అంకెల వరుస) రాయాలి.

కోరికలో భాగం మార్పు లేదా ధర వాపసు, ఎస్‌ఎంపీఎస్‌కు కట్టిన రూ.8,500, ఖర్చులు అడగండి. పెళ్లి ఆర్డరు నష్టానికి ఒప్పందం కాగితం, అడ్వాన్సు తిరిగిచ్చిన యూపీఐ రసీదు ఉంటేనే అడగండి. పరువు నష్టం అని లక్షలు రాస్తే అసలు కోరిక బలహీనపడుతుంది.

సర్వీసుకు గానీ ల్యాబుకు గానీ సిస్టమ్ ఇచ్చే ముందు ఎస్‌ఎస్‌డీ పూర్తి కాపీ తీసుకోండి. అందులో మీ లాగ్‌లతో పాటు ఇతరుల పెళ్లిళ్ల వీడియోలు ఉన్నాయి. వీలైతే డ్రైవు మీ దగ్గరే ఉంచుకుని, ‘స్టోరేజీ లేకుండా ఇచ్చాను’ అని జాబ్ షీటులో రాయించి, సంతకం, ముద్ర ఉన్న ప్రతి తీసుకోండి.