బామ్మర్దిని రైడ్‌లోంచి తీసేశాను, ఇంట్లో మాటలు బందయినాయి

ప్రశ్న: మాది కడప. నా వయసు 31, ప్రైవేటు ఉద్యోగం. పెళ్లయి నాలుగేళ్లు, పది నెలల పాప ఉంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో అందరం తెలుగువాళ్లమే కలిసి యూరప్ సర్వర్ మీద ఒక గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) నడుపుతున్నాం. రైడ్ లీడర్ నేనే. గురు, ఆదివారాల్లో రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా మిథిక్ రైడ్, అంటే అన్నిటికంటే కష్టమైన స్థాయిలో అందరం కలిసి బాసుల (పెద్ద శత్రువుల) మీద చేసే దాడి. తాడిపత్రిలో ఉండే నా బామ్మర్దిని రెండేళ్ల కిందట నేనే గిల్డ్‌లో చేర్చినా. బాగానే ఆడేవాడు. మూడు నెలలుగా వారానికో రోజు రాడు, వచ్చినా ఇరవై నిమిషాలు లేటు, ఆటలో బలం పెంచే మందు ఫ్లాస్కు ఉండదు, అందరికంటే ముందు చచ్చేది వాడే. పోయిన నెల ఒక రాత్రి పదకొండో వైప్ (అందరం చచ్చి మళ్లీ మొదలుపెట్టడం) అయినాక, ఆడేటప్పుడు మాట్లాడుకునే డిస్కార్డ్‌లో అందరి ముందర తిట్టి, రైడ్‌లోంచి తీసేసినా. అప్పటినుంచి ఫోన్ ఎత్తడు. మా అత్త ‘ఆట కోసం పిల్లోన్ని అంత మాటంటారా’ అనింది. నా భార్య అవసరానికి తప్ప పలకడం లేదు. వాడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరినాడని, షిఫ్టులు మారుతుంటాయని ఆ తర్వాత తెలిసింది. వచ్చే నెల తిరుమలలో పాపకు పుట్టెంటికలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా. వాన్ని మళ్లీ రైడ్‌లోకి తీసుకుంటే గిల్డ్‌లో ‘బామ్మర్ది కాబట్టి’ అంటారు. తీసుకోకపోతే ఇంట్లో ఇట్లుంది. ఏం చేయాలి?

జవాబు: పాప పుట్టెంటికలకూ మిథిక్ రైడ్‌లో సీటుకూ ముడి పెట్టొద్దు. ‘మళ్లీ తీసుకుంటాలే, తిరుమలకు రా’ అన్నారంటే ఆ పిల్లవాడు మేనమామగా రావడానికి మీరు వెల కట్టినట్టవుతుంది. అతను ఒప్పుకున్నా ఆ మాట మనసులో ఉండిపోతుంది. గిల్డ్‌లో మిగతా పంతొమ్మిది మందికి కూడా అన్యాయమే. ఇవి రెండు వేర్వేరు పనులు, వేర్వేరు రోజుల్లో చేయాల్సినవి. ఇంటిది ముందు.

అతన్ని ఆ రాత్రి రైడ్‌లోంచి తీయడం తప్పు కాకపోవచ్చు. తీసిన తీరు మాత్రం తప్పే. ఇరవై మంది వింటుండగా బావ తిడితే బామ్మర్ది తిరిగి ఒక్క మాట అనలేడు, వరస అడ్డం వస్తుంది. గిల్డ్‌లో ఇంకెవరినైనా అట్లా తిట్టి ఉంటే వాళ్లు ఎదురు మాట్లాడి ఉండేవాళ్లు, లేదా గిల్డ్ మారి ఉండేవాళ్లు. ఇతనికి ఆ రెండు దార్లూ లేవు. అందుకే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇది మొండితనం కాదు, సిగ్గుతో చేసిన పని.

అతను ఫోన్ ఎత్తకపోతే మీ ఆవిడ చేత చేయించకండి, అత్త ద్వారా కబురు పెట్టకండి. తాడిపత్రి ఎంత దూరమని, ఒక పూట మీరే వెళ్లండి. షిఫ్టు ఎప్పుడైపోతుందో ముందే కనుక్కొని, అతను నిద్రపోయే వేళ కాకుండా చూసుకోండి. మాట చిన్నదిగా ఉండాలి: ‘అబ్బీ, ఆ పొద్దు అందరి ముందర నేనట్ల మాట్లాడింది తప్పురా. ఆట గురించి రాలేదు నేను. పాపకు పుట్టెంటికలు, నీ ఒళ్లో తప్ప ఇంకెవరి ఒళ్లో కూర్చోబెట్టేది?’ అంతే. ‘కానీ నువ్వు కూడా లేటుగా వస్తాంటివి కదా’ అనే ముక్క జోడిస్తే పోయిన పనంతా వృథా. అతనే రైడ్ సంగతి ఎత్తినా, ‘దాని గురించి వేరే పొద్దు మాట్లాడదాం’ అని ఆపేయండి.

తిట్టింది అందరి ముందర కాబట్టి, తప్పు ఒప్పుకోవడంలో కొంత భాగం అందరి ముందరే జరగాలి. గిల్డ్ డిస్కార్డ్‌లో రెండు వాక్యాలు చాలు: ఆ రాత్రి నేను మాట్లాడిన తీరు తప్పు, ఇకమీదట ఎవరి ఆట గురించైనా మాట్లాడేది విడిగా, రైడ్ అయిపోయాకే. అతని ఉద్యోగం, షిఫ్టులు, ఇంటి సంగతులు అందులో రాయకండి. వాటిని ఎవరికి చెప్పుకోవాలో అతని ఇష్టం.

మీ ఆవిడ సంగతి. మీ ఉత్తరంలో ఆమెకు ఒక్క వాక్యమే దక్కింది. ఆమె కోపం తమ్ముడి గురించి మాత్రమేనా అని ఒకసారి నిదానంగా అడగండి. పది నెలల బిడ్డ రాత్రి లేచినప్పుడు వారానికి రెండు రాత్రులు ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఆ రెండు రాత్రుల్లో గొంతు పెంచి మాట్లాడే మనిషి పక్క గదిలో ఉన్నాడు. ఆదివారం రాత్రి ఆమెకు వీలుగా ఉందో లేదో అడిగి, అవసరమైతే రోజు మార్చండి. రైడ్ రోజుల్లో తొమ్మిది లోపు పాప తిండి, నిద్రపుచ్చడం మీరు చూసుకోండి. పదకొండుకు ముందు పది నిమిషాల విరామం పెట్టి హెడ్‌ఫోన్ తీసి లేవండి. 11:50 తర్వాత కొత్త పుల్, అంటే బాసుతో ఇంకో పోరు, వద్దు. ‘ఇంకొక్కటి’ అనేది పన్నెండున్నర దాకా సాగుతుందని మీకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

ఇక గిల్డ్. అసలు గొడవ మొదలైంది ఇక్కడ, ఇది మళ్లీ జరగకుండా చేయగలిగేది కూడా మీరే.

మీ ఉత్తరం చదివితే రాసిపెట్టిన నియమమేదీ ఉన్నట్టు కనిపించదు. రాసి లేనప్పుడు లీడర్ కోపమే నియమమవుతుంది. ఆ కోపం మూడు నెలలు ఊరుకొని ఒకే రాత్రి బయటపడింది. మిథిక్‌లో సరిగ్గా ఇరవై మందే ఉండాలి. మామూలుగా దెబ్బలు కాచుకునే ట్యాంకులు ఇద్దరు, గాయాలు మాన్పే హీలర్లు నలుగురు, బాసును కొట్టే డ్యామేజీ వాళ్లు పద్నాలుగు మంది. మీ రోస్టర్‌లో (ఆటగాళ్ల జాబితాలో) కూడా ఇరవై మందే ఉన్నారనుకోండి. ఒక్కొక్కరూ పది రైడ్‌లకు తొమ్మిది వస్తారు, అది చాలా మంచి హాజరు. అయినా ఇరవై మందీ ఒకే రాత్రి దొరికేది వంద రాత్రుల్లో దాదాపు పన్నెండే. రోస్టర్‌ను 23కు పెంచితే వందలో ఎనభై రాత్రులు ఇరవై మంది ఉంటారు, 24కు పెంచితే తొంభై దాటుతుంది. ఎవరి క్రమశిక్షణా మారకుండానే. కాబట్టి ‘వాడు రాలేదు, రైడ్ ఆగిపోయింది’ అనే ప్రతిసారీ తప్పు వాడిది మాత్రమే కాదు, బెంచి (అదనపు ఆటగాళ్లు) లేని రోస్టర్‌ది కూడా. 24 మందిని పెట్టుకుంటే ఎవరో ఒకరు బయట కూర్చోక తప్పదు కాబట్టి, ఆ రాత్రి ఎవరు కూర్చుంటారో ముందురోజే పేర్లు పెట్టండి. బెంచి మీదున్నవాళ్లకు హాజరు వేయండి. పిలిస్తే వస్తామని ఖాళీగా కూర్చున్న మనిషికి గైర్హాజరు వేస్తే రెండు వారాల్లో మీ బెంచి ఖాళీ అవుతుంది.

ఆలస్యం గురించి మీరు పట్టుబట్టడం సబబే. ఒక్కడు పదిహేను నిమిషాలు లేటయితే ఇరవై మందివి కలిపి ఐదు గంటలు పోతాయి. కానీ మందు తిట్టడం కాదు, ఎదురుచూడకపోవడం. ఇట్లాంటి మాటలతో ఒక నోటు పెట్టండి:

‘ఇన్‌వైట్లు 9:15 నుంచి, మొదటి పుల్ 9:30కి. 9:25కి లేనివాళ్ల చోట బెంచి నుంచి ఒకరు వస్తారు. లేటుగా వచ్చినవాళ్లు విరామం తర్వాత, చోటుంటే. రాలేకపోతే ముందురోజు రాత్రి తొమ్మిది లోపు చెప్పండి, కారణం చెప్పనక్కర్లేదు. అత్యవసరమైతే ఎప్పుడైనా ఒక్క మాట చాలు. చివరి ఎనిమిది రైడ్‌లలో ఆరుకు తగ్గితే విడిగా మాట్లాడతాం. చెప్పకుండా రాకపోవడం నెలలో రెండుసార్లయితే నాలుగు వారాలు మెయిన్ రోస్టర్‌లో పేరుండదు. లీడర్‌కూ ఇదే.’

కారణం అడగకపోవడం ముఖ్యం. కారణం చెప్పాలంటే ‘ఫ్యాక్టరీలో షిఫ్టు’ అని నలుగురిలో చెప్పుకోవాలి. చెప్పుకోలేక అసలు చెప్పకుండానే మానేస్తారు. మీకు కావలసింది సమాచారం, సంజాయిషీ కాదు. ఇంకో చిన్న సంగతి: మీ గిల్డ్‌లో యూరప్‌లో ఉండే తెలుగువాళ్లు ఉంటే, మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో అక్కడ గడియారాలు గంట మారతాయి. ఆ వారం లేట్లను లెక్కలో వేయకండి.

ఆటతీరును కొలవడం ఇంకా జాగ్రత్తగా చేయాలి. చాలా గిల్డ్‌లు, పోరు రికార్డులు చూపే వార్‌క్రాఫ్ట్ లాగ్స్ సైటులో అంకెల రంగులు చూసి తీర్పు చెప్పేస్తాయి: 25 లోపు బూడిద, 25 నుంచి ఆకుపచ్చ, 50 నుంచి నీలం, 75 నుంచి ఊదా, 95 నుంచి నారింజ. పార్స్ అనే ఆ అంకె చెప్పేది ఒక్కటే, అదే బాసును అదే స్పెక్‌తో (పాత్ర రకంతో) చంపినవాళ్లలో ఈ మనిషి డ్యామేజీ ఎక్కడుందని. బాసు చస్తేనే ఆ అంకె వస్తుంది. పదకొండు వైప్‌లు తిన్న బాసు మీద ఎవరికీ పార్స్ లేదు, కాబట్టి ఆ రాత్రి మీరు తిట్టింది అంకె చూసి కాదు, చిరాకుతో. పైగా శత్రువు మంత్రాలను మధ్యలో ఆపే ఇంటరప్టులు, దూరంగా పరిగెత్తి చేసే పనులు ఎవరికి అప్పజెప్పారో వాళ్ల పార్స్ తగ్గుతుంది. ఆ పని మీరే ఇచ్చి, ఆ అంకె చూపించి తప్పు పడితే ఇంకోసారి ఎవరూ ఆ పనికి ముందుకు రారు.

చూడాల్సినవి ఇవి. ప్రతి పుల్‌లో మొదట చచ్చిన ముగ్గురెవరు, దేనివల్ల చచ్చారు. తప్పించుకోదగిన దెబ్బలు ఎన్ని తిన్నారు. అప్పజెప్పిన ఇంటరప్టులు చేశారా. పోరు సాగినంత సేపూ బటన్లు నొక్కుతున్నారా, మధ్యలో నిలబడిపోతున్నారా. ఫ్లాస్కు, తిండి, పోషన్, ఎన్‌చాంట్లు ఉన్నాయా. ఇది కూడా ఒక పుల్ చూసి కాదు, కనీసం పది పుల్స్ చూడాలి. చావుకు అంత బరువు ఎందుకంటే, పోరు మధ్యలో చచ్చినవాళ్లను లేపే అవకాశం మొదట ఒకటి, ఆ తర్వాత ఇరవై మంది రైడ్‌లో నాలుగున్నర నిమిషాలకొకటి చొప్పున మాత్రమే వస్తుంది. మొదటి నిమిషంలో చచ్చిన ఒక్కరు దాన్ని తినేస్తే, ఆఖర్లో ట్యాంకు పడిపోయినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

మీ బామ్మర్ది లాగ్స్‌ను ఈ కళ్లతో చూడండి. నాలుగు నెలల కిందటి రాత్రులు ఒకపక్క, ఇప్పటివి ఒకపక్క పెట్టి చూడండి. రెండేళ్లు నిలకడగా ఆడినవాడికి మూడు నెలల్లో ఆట రాకుండా పోదు. పగలంతా నీళ్లలో, మిషన్ల హోరులో నిలబడి, వారానికోసారి నిద్రవేళలు మారే మనిషికి రాత్రి పదింటికి నేల మీద పడే మంట అర సెకను ఆలస్యంగా కనిపిస్తుంది. ఫ్లాస్కు లేకపోవడం కూడా అంతే, దానికి కావాల్సిన గోల్డ్ సంపాదించడానికి ఆటలో తిరిగే గంటలు అతనికిప్పుడు లేవు. ఇలాంటి వాళ్లకు గిల్డ్ బ్యాంకు నుంచి ఫ్లాస్కులివ్వండి. అతని ఒక్కడికే కాదు, అడిగిన వాళ్లందరికీ.

ఇక సీటు సంగతి. షిఫ్టులు ఇలాగే ఉన్నంతకాలం అతను మిథిక్ మెయిన్ రోస్టర్‌లో ఉండలేడు. ఉంచితే మళ్లీ అదే గొడవ, ఈసారి రెండింతలు. కానీ బయట పెట్టనవసరం కూడా లేదు. మిథిక్ కంటే ఒక మెట్టు తేలికైన హీరోయిక్‌లో పది నుంచి ముప్పై మంది దాకా ఎందరైనా ఆడొచ్చు; మనిషి పెరిగితే బాసు బలం దానికి తగ్గట్టు పెరుగుతుంది. అక్కడ అతను రావడం వల్ల ఇంకొకరి సీటు పోదు, రాకపోవడం వల్ల రైడ్ ఆగదు. వారానికో హీరోయిక్ రాత్రి పెట్టండి, లేదా ఆదివారం మధ్యాహ్నం. మిథిక్‌లో అతని పేరు బెంచి జాబితాలో ఉండనివ్వండి, షిఫ్టు కుదిరిన వారం తనే ముందురోజు చెప్పి వస్తాడు. ఫ్యాక్టరీ పని కుదురుకుంటే కొత్తగా చేరేవాళ్లలాగే మూడు వారాలు, అంటే ఆరు రైడ్‌ల ట్రయల్ పెట్టి మళ్లీ చూడండి.

ఈ మాట అతనికి చెప్పేది మీరు కాకూడదు. ఇంకో ఇద్దరు ఆఫీసర్లుంటే అతని రోస్టర్, లూట్ (బాసు చచ్చాక దొరికే వస్తువులు) నిర్ణయాలు పూర్తిగా వాళ్లకు వదిలేయండి. అతనికి ఒక ట్రింకెట్ ఇవ్వాలా వద్దా అనే చర్చలో మీరు నోరు విప్పితే, ఇచ్చినా మాటే, ఇవ్వకపోయినా మాటే. ‘మా ఇంటి మనిషి, ఇందులో నేను ఉండను’ అని గిల్డ్‌లో ఒకసారి చెప్పేస్తే ‘బామ్మర్ది కాబట్టి’ అనేవాళ్లకు పట్టుకోవడానికేమీ మిగలదు. ఆఫీసర్లు లేకపోతే ముందు ఇద్దరిని ఎన్నుకోండి. ఒక్కరే లీడర్, ఒక్కరే తీర్పరి, ఒక్కరే బావ కావడం వల్లే ఆ రాత్రి అట్లా అయింది.

హీరోయిక్ కూడా వద్దు, ఆటే మానేస్తానని అతనంటే బతిమాలకండి, బాధపడకండి. నిద్ర లేని మనిషికి అది సరైన నిర్ణయం కావచ్చు. మీ అత్తకు రైడ్ అంటే ఏమిటో వివరించబోకండి. కొడుకు దగ్గరికి అల్లుడు వెతుక్కుంటూ వచ్చాడని తెలిస్తే ఆమెకు చాలు. తాడిపత్రికి ఈ వారమే వెళ్లండి, గురువారం రైడ్ ఉన్నా సరే. ఆ రాత్రికి లీడర్‌గా ఇంకొకర్ని పెట్టి, మీరు రావడం లేదని బుధవారం రాత్రి తొమ్మిది లోపు గిల్డ్‌లో రాయండి.