కిన్నెర శాంపిల్ ఆసిలేటర్‌లో శ్రుతి తప్పుతుంటే

తమ్ముడూ, నాగర్‌కర్నూల్ దగ్గర ఫోన్‌లో రికార్డు చేసిన కిన్నెర మీటును వైటల్ అనే సింథసైజర్ (సింథ్) సాఫ్ట్‌వేర్‌లో, శబ్దం పుట్టించే ఆసిలేటర్‌లో వేస్తే శ్రుతి కుదరట్లేదు, బరబరమంటోంది అన్నావు కదా. రికార్డింగ్‌లో లోపమేం లేదు, టెన్షన్ పడకు. ఆసిలేటర్ చదివే తరంగాల పట్టిక, అంటే వేవ్‌టేబుల్‌లో ఒక్కో ఫ్రేముకు 2048 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన బిందువులు), ఆ మొత్తాన్నీ సింథ్ ఒకే ఆవర్తనంగా, అంటే తరంగం ఒక్క చుట్టుగా చదువుతుంది. నీ తీగ 220 హెర్ట్జ్‌లో మోగితే సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో ఒక ఆవర్తనం సుమారు 200 శాంపిళ్లే, అంటే ఒక ఫ్రేములో పదికి పైగా ఆవర్తనాలు ఇరుక్కుని, చివరిది మధ్యలో తెగి, శ్రుతి మూడు స్థాయిలకు (ఆక్టేవ్‌లకు) పైగా ఎగిరిపోతుంది.

ఫైలును ఆసిలేటర్ మీదికి లాగినప్పుడు అడిగే ఆప్షన్లలో శ్రుతిని పట్టి ఆవర్తనాలుగా కోసే పిచ్ స్ప్లైస్ ఎంచుకో, చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. ఇంకా టక్‌టక్‌మంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో బాగా జూమ్ చేసి, మీటిన దెబ్బ దాటాక తీగ నిలకడగా మోగేచోట ఒక్క ఆవర్తనం ఎంచుకుని, జెడ్ నొక్కు, రెండు అంచులూ సున్నా గీత మీదికి వస్తాయి. ఆ ముక్కను 2048కి సాగదీసి వెయ్యి.

ఒకటి మాత్రం మర్చిపోకు, కిన్నెరకు ప్రాణం ఆ మీటిన దెబ్బలోనే ఉంది, ఒక్క ఆవర్తనంలో అది దొరకదు. దాన్ని విడిగా వైటల్‌లోని శాంపిల్ విభాగంలో పెట్టి, నొక్కిన మీటను బట్టి శ్రుతి మారేలా కీట్రాక్ ఆన్ చెయ్యి, కిందనుంచి ఆసిలేటర్ మోగనివ్వు.