అలవాటు పడింది పురుగు కాదు

గుంటూరు, బ్రాడీపేట.

మిత్రులకు నమస్కారం.

జీవపరిణామం గురించిన అపోహలపై మీరు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నాలుగోసారి మందు కొట్టి పత్తిచేను గట్టున చతికిలబడిన మీ నాన్నగారితో మొదలుపెట్టడం బాగుంది. కానీ రెండో పేజీలో ‘పురుగు మందుకు అలవాటు పడి, బతకడం కోసం తనను తాను మార్చుకున్నది’ అన్నారు. అపోహలు తొలగిస్తానన్న వ్యాసమే అన్నిటికన్నా పాత అపోహను మోసుకొచ్చింది.

పురుగు దేనికీ అలవాటు పడలేదు. మందు పడకముందే ఏ కొద్ది పురుగులకో దాన్ని తట్టుకునే గుణం పుట్టుకతో ఉంది. తక్కినవి చచ్చాక చేను వాటి సంతానానికి దక్కింది. మారినది సంతతే గాని, ఏ ఒక్క పురుగూ కాదు. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తికి 2002లో అనుమతి వస్తే, 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుంటున్నట్టు తేలింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఎందుకిచ్చేవారో ఆలోచించారా? తట్టుకోలేని పురుగులు చేను అంచున వేసిన ఆ మామూలు మొక్కల మీద బతికి, తట్టుకునేవాటితో జతకట్టాలనీ, ఆ గుణం సంతానంలో పలచబడాలనీ. పురుగు అలవాటు పడేదే అయితే ఆ చిన్న పొట్లానికి అర్థమే లేదు.

అందుకే పరిణామం గురించి రాసేటప్పుడు ‘కోసం’ అన్న మాట ఎక్కడ కనబడినా కొట్టేస్తాను. మీ వ్యాసంలో పదకొండు చోట్ల కొట్టేశాను, ఆకుల కోసం సాగిన జిరాఫీ మెడతో సహా. ఇది నా ఛాదస్తమని మా ఇంట్లోనూ అంటారు.

ఈ ఛాదస్తం ఊరికే రాలేదు. అరండల్‌పేటలో అద్దెగదిలో ఉన్న రోజుల్లో, మనిషికీ చింపాంజీకీ పూర్వజీవి ఒక్కటేనని నెల రోజులు కష్టపడి రాస్తే, సంపాదకుడొకాయన నన్ను అడగకుండానే ‘కోతి నుంచి మనిషి’ అని శీర్షిక పెట్టి, వంగిన కోతి మెల్లగా నిటారుగా లేచే ఆ పాడు బొమ్మ వేశాడు. అయితే కోతులింకా ఎందుకున్నాయంటూ వచ్చిన ఉత్తరాలన్నిటికీ, పెదనాన్న పిల్లలు ఉన్నంత మాత్రాన మనం పుట్టకుండా పోతామా అని నేనే జవాబులు రాసుకున్నాను. పారితోషికం మాత్రం రాలేదు.

పుస్తకం అచ్చు వేయడం గురించి మీరడిగినవి ఇప్పుడు వద్దు. ఆ 120 గ్రాముల పొట్లాన్ని చల్లారో, గట్టున పారేశారో మీ నాన్నగారిని అడిగి, రెండో పేజీ తిరగరాసి పంపండి.