పైచదువు: ఇంగ్లండ్‌లో చిన్న నగరం, ఏడాది ఎమ్మెస్సీ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో లండన్ ఊసు దాదాపు లేదు. హల్, లింకన్, సండర్లాండ్, మిడిల్స్‌బ్రో లాంటి ఊళ్ల యూనివర్సిటీల గురించే అడిగారు. లండన్‌తో పోలిస్తే అక్కడ అద్దెలు బాగా తక్కువ. అయితే పార్ట్‌టైమ్ ఉద్యోగాలూ తక్కువే. ఈ రెండో సంగతి లెక్కలో వేసుకోకుండానే చాలా ఇళ్లలో ఫీజు కట్టడానికి సిద్ధమవుతున్నారు. అందుకే డబ్బు విషయం కాస్త గట్టిగానే చెబుతున్నాం.

మా అబ్బాయికి సీటు వచ్చింది. డబ్బు కొంత నా ఖాతాలో, ఎక్కువ భాగం మా తమ్ముడి ఖాతాలో ఉంది. రెండు స్టేట్‌మెంట్లూ పెట్టొచ్చా? పొలానికి వాల్యుయేషన్ కూడా చేయించాం. – ఒక తండ్రి, నరసన్నపేట

తమ్ముడి ఖాతా పనికిరాదు. పొలం వాల్యుయేషనూ అంతే. స్టూడెంట్ వీసాకి చూపే డబ్బు విద్యార్థి పేరనో, తల్లిదండ్రుల పేరనో బ్యాంకులో ఉండాలి. లేదంటే గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యారుణం మంజూరు పత్రం ఉండాలి. బాబాయి, మావయ్య, తాతయ్య ఎంత దగ్గరవాళ్లయినా ఈ లెక్కలోకి రారు.

ఎంత చూపాలంటే, సీటు ఖాయమైందని వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే క్యాస్ పత్రంలో మిగిలి ఉన్న మొదటి ఏడాది ఫీజు, దానికి తోడు లండన్ బయట నెలకు 1,171 పౌండ్ల చొప్పున 9 నెలల ఖర్చు, అంటే 10,539 పౌండ్లు. ఉదాహరణకి ఫీజు 16,000 పౌండ్లు, అందులో 4,000 ముందే కట్టేశారనుకోండి. మిగిలిన 12,000కి ఇది కలిపితే 22,539 పౌండ్లు. పౌండు 120 రూపాయలనుకుంటే 27 లక్షల పైచిలుకు. ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. మధ్యలో ఒక్క రోజు, ఒక్క రూపాయి తగ్గినా వీసా తిరస్కరించవచ్చు. ఆ 28 రోజుల్లో ఆఖరి రోజు, మీరు దరఖాస్తు రుసుం కట్టే తేదీకి 31 రోజుల లోపు ఉండాలి. మారకం రేటు దరఖాస్తు రోజుది చూస్తారు కాబట్టి లక్ష, లక్షన్నర అదనంగా ఉంచండి. సరిగ్గా సరిపెట్టినవాళ్లే రేటు పెరిగితే చిక్కుల్లో పడతారు.

తండ్రి ఖాతా చూపితే పిల్లవాడి జనన ధ్రువపత్రం, మీ అంగీకార పత్రం జతచేయాలి. మన దగ్గర అసలు తంటా ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరంతో, జనన పత్రంలో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. ఇంట్లో పుట్టిన పిల్లలకైతే ఒక్కోసారి పత్రమే ఉండదు. ఇప్పుడు నమోదు చేయించాలంటే రెవెన్యూ అధికారుల ఉత్తర్వు కావాలి, నెలలు పట్టొచ్చు. అంతకంటే తేలిక దారి, మొత్తం డబ్బు అబ్బాయి ఖాతాలోకే వేసి 28 రోజులు ఆగడం. మీ తమ్ముడిగారి డబ్బు కూడా అలాగే అబ్బాయికి బదిలీ చేయించండి. ఎందుకిచ్చారో ఒక కాగితం రాయించి దగ్గర పెట్టుకోండి.

ఫీజులో ముందుగా కట్టే డిపాజిట్ మాత్రం యూనివర్సిటీ ఇచ్చిన చెల్లింపు లింకులోనే కట్టాలి. కన్సల్టెన్సీ ఖాతాకి ఒక్క రూపాయి కూడా ఫీజు పేరుతో పంపొద్దు.

నేను బి.ఫార్మసీ చేశాను, పబ్లిక్ హెల్త్ ఎమ్మెస్సీకి వెళ్తున్నాను. అక్కడ పరీక్షలకంటే అసైన్‌మెంట్లే ఎక్కువట, 70 వస్తే డిస్టింక్షనట. మార్కులు ఎందుకంత తక్కువ? ఎలా చదవాలి? – ఒక విద్యార్థిని, సోంపేట

ఎమ్మెస్సీలో 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. మనకి 70 మామూలు మార్కు, అక్కడ 70 దాటడం కష్టం. మొదటి అసైన్‌మెంటుకి 58 వచ్చిందని బెంగపడొద్దు.

కోర్సు మొత్తం 180 క్రెడిట్లు. అందులో 120 సబ్జెక్టులకి, 60 డిసర్టేషన్‌కి, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసానికి, అనేది మామూలు పద్ధతి. ఒక క్రెడిట్ అంటే 10 గంటల చదువు. 20 క్రెడిట్ల సబ్జెక్టుకి 200 గంటలు, అందులో క్లాసులో కూర్చునేది చాలాచోట్ల 30, 40 గంటలే. మిగతాదంతా లైబ్రరీలో మీరు సొంతంగా చదవాల్సిందే. వారానికి మూడు రోజులే క్లాసులున్నాయని మిగతా రోజులన్నీ షిఫ్టులకి ఇచ్చేసినవాళ్లు డిసెంబరులో దొరికిపోయేది అందుకే.

మార్కులు పోయేది ఇంగ్లీషు వల్ల అనుకుంటారు. మా దృష్టిలో ఎక్కువ పోయేది వర్ణన దగ్గర ఆగిపోవడం వల్ల. మీ పక్క ఊళ్ల విషయమే తీసుకుందాం. "ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో బాధితులు ఉన్నారు. నీరు దీనికి కారణం." ఈ పేరాకి పాస్ మార్కులే గగనం. నీరే కారణమని ఎవరన్నారు, ఎంతమందిని పరీక్షించి అన్నారు, నీటిలో దేన్ని కొలిచారు? అదే నీరు తాగే పక్క ఊళ్లో జబ్బు తక్కువుంటే ఆ వాదన నిలుస్తుందా? ఎండలో పని, నీరు సరిగా తాగకపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం లాంటి వేరే ఊహలని ఏ అధ్యయనం ఎలా పరిశీలించింది, ఎక్కడ ఒకదానితో ఒకటి పొసగలేదు? కారణం ఇంకా తేలని సమస్య కాబట్టి, ఎందుకు తేలలేదో రాసినవాళ్లకే 65 పైన వస్తుంది. ప్రశ్నలో 'క్రిటికల్లీ ఇవాల్యుయేట్' అని కనబడితే అడిగేది ఇదే.

అసైన్‌మెంటు కాగితంతో పాటు మార్కులు ఎలా వేస్తారో చెప్పే పట్టిక, రూబ్రిక్, ఇస్తారు. రాసే ముందు దాన్ని ముద్రించి పక్కన పెట్టుకోండి. చదివే ప్రతి వ్యాసం వివరాలూ, పేజీ నంబరుతో సహా, అప్పటికప్పుడే నోట్ చేసుకోండి. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చక్కగా చేస్తుంది. ఆఖరి రాత్రి రెఫరెన్సులు వెతకడం మొదలెడితే తప్పులు ఖాయం.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో పోలిక ఎంత శాతం వస్తే పాస్ అని చాలామంది అడుగుతారు. అలాంటి అంకె లేదు. రెఫరెన్సుల జాబితా వల్లే 25 శాతం చూపించవచ్చు, తప్పేమీ కాదు. 8 శాతమే వచ్చినా అదంతా ఒకే పేరా ఎత్తి పెట్టిందైతే అది కాపీయే. రూమ్‌మేట్‌కి 'చూసుకోడానికి' మీ ఫైలు పంపితే ఇద్దరిమీదా కేసు పడుతుంది. డబ్బు తీసుకుని రాసిపెట్టే సేవలు ఇంగ్లండ్‌లో 2022 చట్టం ప్రకారం నేరం. కొన్నవాళ్లకి యూనివర్సిటీ శిక్ష వేస్తుంది. పైగా బయటపెడతామని బెదిరించి మళ్లీ డబ్బు గుంజే ముఠాలు ఉన్నాయి, దయచేసి ఆ గుమ్మం తొక్కొద్దు. ఏఐ వాడకం మీద ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో నియమం ఉండొచ్చు, అసైన్‌మెంటు కాగితంలో చూసుకోండి.

జ్వరమో, ఇంట్లో కష్టమో వస్తే గడువు దాటకముందే ఆధారాలతో గడువు పొడిగింపు దరఖాస్తు పెట్టండి. ఫెయిలై మళ్లీ రాస్తే సాధారణంగా 50కి మించి ఇవ్వరు.

వారానికి 20 గంటలు చేస్తే రెండో విడత ఫీజు వచ్చేస్తుందని కన్సల్టెన్సీవారు అన్నారు. నిజమేనా? – ఒక విద్యార్థి, విజయనగరం

నమ్మకండి. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. వారం వారం తప్పకుండా 20 గంటలు దొరికితే 254 పౌండ్లు. షేరింగ్ ఇంట్లో గదికి వారానికి 100 పౌండ్ల అటూ ఇటూ, తిండికి 35, బస్సు, ఫోను, బట్టలు తీసేయండి. మిగిలేది చూస్తే విడత ఫీజుకి చాలదు. పైగా చిన్న నగరంలో మొదటి పని దొరకడానికే రెండు మూడు నెలలు పట్టొచ్చు. దొరికినా జీరో అవర్స్ కాంట్రాక్టు, వాళ్లు పిలిచినప్పుడే పని. క్రిస్మస్ అయ్యాక జనవరిలో షిఫ్టులు బాగా తగ్గిపోతాయి. పార్ట్‌టైమ్ డబ్బు తిండికీ అద్దెకీ సాయం అనుకోండి. ఫీజు మొత్తం ఇక్కడే సమకూర్చుకుని బయల్దేరండి, లేదంటే ఒక ఏడాది ఆగండి.

వారానికి 20 గంటలు మించకూడదన్న వీసా నియమం సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. రెండుచోట్ల చేస్తే రెండూ కలిపి 20. ఈ వారం 12 చేశాను కదా అని వచ్చే వారం 28 చేస్తే నియమం తప్పినట్టే. ఎమ్మెస్సీవారికి వేసవి సెలవు కాదు, డిసర్టేషన్ కాలం, అప్పుడూ 20 గంటలే. యాపులో నమోదై సొంతంగా చేసే ఫుడ్ డెలివరీ స్వయం ఉపాధి కిందకి వస్తుంది, స్టూడెంట్ వీసా మీద అది నిషిద్ధం. స్నేహితుడి ఖాతా అద్దెకి తీసుకుని చేయడం ఇంకా పెద్ద ప్రమాదం, వీసాకే ముప్పు. పేస్లిప్ ఇవ్వకుండా నగదు ఇచ్చే చోట చేరొద్దు.

ఇల్లు ఇక్కడినుంచే బుక్ చేసుకోవాలా? వంట సామాను ఏం తీసుకెళ్లాలి? – ఒక విద్యార్థి, బొబ్బిలి

ఇల్లు చూడకుండా అపరిచితులకి అడ్వాన్సు పంపొద్దు. మొదటి ఏడాది యూనివర్సిటీ హాస్టల్ కాస్త ఖరీదైనా నయం. ప్రైవేటు ఇల్లు మామూలు అద్దె ఒప్పందం మీద తీసుకుంటే డిపాజిట్ అయిదు వారాల అద్దెకి మించకూడదు. దాన్ని ఇంటి యజమాని 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీములో పెట్టి మీకు వివరాలివ్వాలి. దిగిన రోజే గోడల మీది చెమ్మ, మరకలు, గీతలు ఫొటోలు తీసి యజమానికి మెయిల్ చేయండి. ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉండే ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను) ఉండదు, యూనివర్సిటీ ఇచ్చే పత్రం కౌన్సిల్‌కి పంపితే చాలు.

చాలా హాస్టళ్లలో ఇండక్షన్ పొయ్యిలుంటాయి, అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. అడుగు ఇండక్షన్‌దైన మూడు లీటర్ల స్టీలు కుక్కరు ఒకటి చాలు. పోపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసే ఉంచండి. వంటగదిలో సాధారణంగా వేడిని పట్టే అలారం ఉంటుంది, నడవాలో పొగని పట్టేది. తలుపు తీస్తే ఎండుమిర్చి ఘాటు పొగ నడవాలోకి పోయి అర్ధరాత్రి భవనమంతా బయట చలిలో నిలబడాల్సి వస్తుంది. అలారానికి కవరు చుడితే జరిమానా. ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి తీసుకెళ్లడానికి అనుమతి లేదు.

అమ్మాయికి జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? – ఒక తల్లి, ఆమదాలవలస

వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుం కట్టించుకుంటారమ్మా. వీసా గడువు ఏడాది దాటుతుంది కాబట్టి ఏడాది ఎమ్మెస్సీకి మామూలుగా 1,164 అవుతుంది. అందువల్ల డాక్టరు, ఆసుపత్రి ఉచితం. మందుల చీటీకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, పళ్ల వైద్యానికి విడిగా ఇవ్వాలి. దిగిన వారంలోనే దగ్గరి జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకోమనండి, జబ్బు చేశాక వెళ్తే ఆలస్యమవుతుంది. అత్యవసరమైతే 999, సలహాకి 111. పంటి పనులుంటే ఇక్కడే పూర్తి చేయించి పంపండి. డిసెంబరులో ఆ ఉత్తరాది ఊళ్లలో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. చలికాలంలో రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది.

పెళ్లయింది. భార్యని తీసుకెళ్లొచ్చా? చదువయ్యాక ఎన్నాళ్లు ఉండొచ్చు? – ఒక విద్యార్థి, రాజాం

2024 జనవరి నుంచి మామూలు ఎమ్మెస్సీ విద్యార్థులు భార్యాబిడ్డల్ని డిపెండెంట్లుగా తీసుకెళ్లలేరు. చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. స్టూడెంట్ వీసా గడువులోపు, ఆ దేశంలో ఉండగానే దరఖాస్తు చేయాలి. మీరు కోర్సు పూర్తి చేశారని యూనివర్సిటీ వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి తెలిపినట్టు మెయిల్ వచ్చాకే రుసుం కట్టండి.