వన్ పీస్ ఎక్కడ మొదలుపెట్టాలి? 1150 ఎపిసోడ్లు చూసి బెదిరినవాళ్ల ప్రశ్నలు

యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్‌లు) గురించి ప్రశ్నలు పంపమంటే ఎక్కువమంది ఒక్క సిరీస్ గురించే రాశారు. అందుకే ఈసారి మొత్తం ఆ సముద్రపు దొంగల కథ వన్ పీస్‌కే కేటాయించాం. కథలో ముందు జరగబోయేవి ఎక్కడా బయటపెట్టలేదు, కొత్తవాళ్లు ధైర్యంగా చదవొచ్చు.

ప్రశ్న: హాస్టల్లో ఎవరి నోట విన్నా వన్ పీసే. నేనూ చూద్దామని తెరిస్తే 1150 దాటి ఎపిసోడ్లు ఉన్నాయి, చూడగానే నీరసం వచ్చి మూసేశాను. మధ్యలోంచి మొదలుపెట్టొచ్చా? వానో దగ్గర్నుంచి బొమ్మ అదిరిపోతుందని, అక్కడ మొదలుపెట్టమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

వద్దు. మీ ఫ్రెండ్ బొమ్మ గురించి చెప్పింది నిజమే, 892వ ఎపిసోడ్‌తో వానో దేశం కథ మొదలయ్యేసరికి గీత, రంగులు, ఫైట్లు అన్నీ మారిపోతాయి. కానీ అక్కడ దిగితే ఓడ మీద అంతమంది ఎందుకున్నారో, ఒకరి కోసం ఒకరు ప్రాణాలకు ఎందుకు తెగిస్తున్నారో మీకు ఒక్క ముక్క అర్థం కాదు. ఫైట్లు ఒక్కటే కావాలంటే దానికి వేరే యానిమేలు బోలెడున్నాయి, వాటికి ఇంత టైం కూడా పట్టదు.

ఎయిచిరో ఓడా ఈ కథను మాంగాగా (జపాన్ బొమ్మల కథ, అంటే కామిక్) 1997 జూలైలో జపాన్ వారపత్రిక షోనెన్ జంప్‌లో మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 22. ఐదేళ్లలో ముగించేద్దాం అనుకున్నాడట పాపం. తోయే యానిమేషన్ దాన్ని 1999 అక్టోబర్ 20న టీవీకి తెచ్చింది. వెయ్యో ఎపిసోడ్ 2021 నవంబర్‌లో వచ్చింది, అంటే 22 ఏళ్లు పట్టింది. మన డైలీ సీరియల్ అయితే మూడు నాలుగేళ్లలోనే వెయ్యి కొట్టేస్తుంది కాబట్టి ఈ అంకెను మనవాళ్లు అంత పెద్దగా పట్టించుకోరు. తేడా ఏంటంటే ఆ సీరియల్లో మధ్య రెండొందలు వదిలేసినా కథ అందుతుంది, ఇక్కడ అందదు. ఎందుకంటే ఓడా ఎప్పుడో చిన్నగా వేసిన గింజను ఏళ్ల తర్వాత చెట్టుగా చూపించే రకం. 62, 63 ఎపిసోడ్లలో ఒక తిమింగలం వస్తుంది. చూస్తున్నప్పుడు దారిలో తగిలిన సరదా ముచ్చటలా ఉంటుంది, రెండు ఎపిసోడ్లలో ఓడ ముందుకు వెళ్లిపోతుంది. దాదాపు 300 ఎపిసోడ్ల తర్వాత దాని ఊసు మళ్లీ వస్తుంది, అప్పుడు ఏడవనివాళ్లు తక్కువ. 2004లో అమెరికాలో 4కిడ్స్ అనే సంస్థ దీన్ని ఇంగ్లీషులో ప్రసారం చేస్తూ మొదటి 143 ఎపిసోడ్లను 104కి కుదించింది, ఆ కోతల్లో ఈ తిమింగలం పూర్తిగా ఎగిరిపోయింది! కథకు పనికిరాదు అనుకుని ఉంటారు. వదిలేయొచ్చు అని ఎవరైనా చెప్పినప్పుడల్లా నాకు ఆ తిమింగలమే గుర్తొస్తుంది.

కాబట్టి మొదటి ఎపిసోడ్‌తోనే మొదలుపెట్టండి, అయితే 1150 మీద మాత్రం కాదు, 44 మీద లెక్క పెట్టుకోండి. 31 నుంచి 44 వరకు ఆర్లాంగ్ పార్క్ అనే భాగం ఉంటుంది. అంతవరకు కథానాయకుడు లూఫీ తన ఓడకి ఒక్కొక్కరిని పోగేస్తుంటాడు, ముందు కత్తులవాడు జోరో, తర్వాత దొంగతనాల నామీ, అబద్ధాల ఉసోప్, వంటవాడు సాంజీ. కొన్ని ఎపిసోడ్లు పిల్లల కార్టూన్‌లా అనిపిస్తాయి, బగ్గీ అనే జోకర్ దగ్గర ముఖ్యంగా. ఓపిక పట్టండి. ఆర్లాంగ్ పార్క్‌లో నామీ కథ బయటికి వచ్చాక, ఇంకా చెప్పాలంటే 37వ ఎపిసోడ్ చూశాక కూడా మీలో ఏ కదలికా లేకపోతే ఈ సిరీస్ మీకు పడదని అర్థం, మొహమాటం లేకుండా మానేయొచ్చు. హాస్టల్లో ఎవరేమన్నా సరే. నచ్చిందా, తర్వాతి మజిలీ 130 వరకు, అక్కడ అలబాస్తా కథ ముగుస్తుంది. అక్కడికి చేరాక మిగతా అంకె మీరే మర్చిపోతారు.

టైం లెక్క కూడా చెప్తాను. ఎపిసోడ్ 24 నిమిషాలు అని ఉంటుంది కానీ పాట, వెనకటి కథ, తర్వాతి ఎపిసోడ్ ముక్కలు తీసేస్తే చాలాసార్లు 18 నిమిషాల కంటే పెద్దగా మిగలదు. రోజుకి రెండు చూస్తే ఏడాదిన్నర పైన కొంచెం. రోజుకి పది లాగించి మూడు నాలుగు నెలల్లో అందరితో సమానం అయిపోదామనుకునేవాళ్లు సాధారణంగా డ్రెస్‌రోసా దగ్గర చతికిలబడతారు (దాని సంగతి కింద ఉంది). సెమిస్టర్ పరీక్షలు పెట్టుకుని ఆ పని అసలు చేయకండి.

ప్రశ్న: ఫిల్లర్లు ఏవి వదిలేయాలి? చాలా సాగదీస్తారని విన్నాను. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

ఇవి రెండు వేర్వేరు జబ్బులు, మందు కూడా వేరు.

ఫిల్లర్ అంటే మాంగాలో లేకుండా టీవీ వాళ్లు కల్పించిన కథ. వన్ పీస్‌లో ఇది తక్కువే, మొత్తంలో పదో వంతు కూడా ఉండదు, నరూటో అనే ఇంకో యానిమేతో పోలిస్తే అసలు లేనట్టే. అలబాస్తా అయ్యాక 131 నుంచి 143 వరకు, ఆ తర్వాత 326 నుంచి 336 వరకు వదిలేసినా నష్టం లేదు. టోరికో, డ్రాగన్ బాల్ అనే వేరే యానిమేల వాళ్లతో కలిపి తీసిన స్పెషల్స్ కూడా (492, 542, 590) అంతే. కానీ 196 నుంచి 206 వరకు ఉన్న జీ8 మాత్రం చూడండి. స్కైపియా అనే ఆకాశ ద్వీపం నుంచి దిగిన ఓడ నేరుగా నౌకాదళం కోటలో పడుతుంది, అందులోంచి బయటపడటమే కథ. అసలు కథ రాసినాయన రాయలేదంటే నమ్మబుద్ధి కాదు. ఫిల్లర్ లిస్టులో ఉందని దాన్ని వదిలేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

సాగదీత వేరు. మాంగా వారానికి ఒక అధ్యాయం, అది కూడా సెలవులు పోగా. యానిమే కూడా వారం వారం వచ్చేది. మొదట్లో ఒక్కో ఎపిసోడ్‌లో రెండు మూడు అధ్యాయాలు ఇట్టే అయిపోయేవి, అలా వెళ్తే మాంగాను అందుకునేస్తారు కదా, అందుకుంటే తీయడానికి కథ ఉండదు. నరూటో వాళ్లు ఈ చిక్కుని నెలల తరబడి ఫిల్లర్లు వేసి దాటారు. తోయే వాళ్లు అసలు కథనే మెల్లగా నడిపించారు. రాన్రానూ ఎపిసోడ్‌కి ఒక అధ్యాయం, కొన్నిచోట్ల అది కూడా కాదు. డ్రెస్‌రోసా 629 నుంచి 746 వరకు, అంటే 118 ఎపిసోడ్లు, మాంగాలో అదే కథ 102 అధ్యాయాలు. ఒకడు పరిగెడుతూ ఉంటాడు, పక్కన ఇద్దరు ఆశ్చర్యపోతారు, వాళ్ల మొహాలు ఒక్కొక్కటిగా చూపిస్తారు, మళ్లీ వాడు పరిగెడుతూనే ఉంటాడు... చిరాకేస్తుంది, అందులో దాచేది ఏమీ లేదు. అయినా ఆ కథ వదలడానికి లేదు, వదిలితే ఆ తర్వాతిది తెలియదు.

దీనికి నా సలహా సూటిగా చెప్తాను, 516 వరకు యానిమేనే చూడండి, అక్కడితో కథలో పెద్ద మలుపు ఒకటి పూర్తవుతుంది, ఆ తర్వాత రెండేళ్లు గడిచినట్టు చూపిస్తారు. ఆ రెండో సగంలో విసుగొచ్చిన చోటల్లా మాంగా చదివేసుకోండి. చేపమనుషుల ద్వీపం కథ (523 నుంచి 574) దగ్గర ఇంకో దారి ఉంది, దాన్ని తోయే వాళ్లే మళ్లీ ఎడిట్ చేసి 21 ఎపిసోడ్లుగా 2024 నవంబర్ నుంచి ప్రసారం చేశారు. మీ యాప్‌లో దొరికితే అదే చూడండి, చాలా నయం. సాగదీస్తున్నారని వాళ్లకీ తెలిసింది కాబోలు, 2026 నుంచి ఏడాదికి మహా అయితే 26 ఎపిసోడ్లే తీస్తామని ప్రకటించారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకి ఇది మంచి వార్త, ముందున్నవాళ్లు ఇక మునుపటంత వేగంగా దూరం పోరు.

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్‌లో మనుషులతో తీసిన వన్ పీస్ చూశాను, బాగుంది. అక్కడ ఆగిన చోటి నుంచి యానిమే చూస్తే సరిపోతుందా? (గృహిణి, విశాఖపట్నం)

2023 ఆగస్టు 31న వచ్చిన మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లలో ఆర్లాంగ్ పార్క్ వరకు చెప్పేసింది. కాబట్టి సాంకేతికంగా 45 నుంచి మొదలుపెట్టొచ్చు, కథ అందుతుంది. కానీ అందులో చాలా కుదించారు, కొన్ని మార్చారు కూడా. లూఫీ గొంతు ఇచ్చేది మయూమి తనాకా గారు, ఆవిడ 1999 నుంచి చేస్తున్నారు. ఆ గొంతుకి, ఆ పిచ్చి నవ్వుకి అలవాటు పడటానికైనా మొదటి నుంచి చూడండి అంటాను. కనీసం 31 నుంచి 44 వరకు. ఒక చిన్న తమాషా, మాంగా, షాంక్స్ అనే సముద్రపు దొంగ చిన్నప్పటి లూఫీకి టోపీ ఇచ్చే కథతో మొదలవుతుంది, యానిమేలో అది నాలుగో ఎపిసోడ్‌కి గానీ రాదు. నెట్‌ఫ్లిక్స్‌లో చూసి వచ్చినవాళ్లు మొదటి ఎపిసోడ్‌లో పీపాలోంచి లూఫీ బయటపడటం చూసి ఏదో మిస్సయ్యాం అనుకుంటారు. ఏమీ మిస్సవ్వలేదు.

విట్ స్టూడియో వాళ్లు మొత్తం మళ్లీ మొదటి నుంచి తీస్తున్నామని 2023 డిసెంబర్‌లో ప్రకటించారు, అది వచ్చాక చూద్దాంలే అని ఇంకో పాఠకుడు రాశారు. ఆగకండి. ఇంత కథ వాళ్లు మాత్రం ఎప్పటికి పూర్తి చేస్తారు?

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. క్లాసులో పిల్లలంతా చూస్తున్నారని గొడవ చేస్తున్నాడు. చూపించొచ్చా? (ఉపాధ్యాయురాలు, గుంటూరు)

మేడమ్, మొదటి 61 ఎపిసోడ్లు మీరు పక్కన కూర్చుని చూపించొచ్చు. బొమ్మలు గుండ్రంగా, నవ్వులాటగా ఉన్నాయని పూర్తిగా పసిపిల్లలది అనుకోవద్దు. రక్తం ఉంటుంది, ఆర్లాంగ్ పార్క్‌లో ఒక చిన్నపిల్ల మీద జరిగే దౌర్జన్యం పెద్దవాళ్లకే కష్టంగా ఉంటుంది. 385 తర్వాత మనుషుల్ని వేలం వేసి అమ్మడం, బానిసత్వం, జాతి పేరుతో తక్కువ చేసి చూడటం వస్తాయి. బాగా చెప్పారు, కానీ పదేళ్లకి బరువే. సాంజీ నోట్లో సిగరెట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఆడవాళ్లు కనబడితే వాడి వేషాలు వేరు, కథ ముందుకెళ్లేకొద్దీ ఆడపాత్రల బట్టలు కూడా తగ్గుతూ వస్తాయి, ఈ విషయంలో నేను ఓడాని వెనకేసుకురాను. ఇందాక చెప్పిన 4కిడ్స్ వాళ్లు ఆ సిగరెట్ తీసేసి లాలీపాప్ పెట్టారు. అది చూసి ఇప్పటికీ జనం నవ్వుతూనే ఉన్నారు.

మొదటి 61 అయ్యాక కొన్నాళ్లు ఆపి, పదమూడు దాటాక తిరిగి మొదలుపెట్టనివ్వండి. ఇంకోటి, బాబు సబ్‌టైటిళ్లు చదవగలడా? లేకపోతే డబ్బింగ్ మీద ఆధారపడాలి, ఏ భాష డబ్బింగ్ అయినా జపనీస్ కంటే వెనకే ఉంటుంది. మొదలుపెట్టే ముందే మీ యాప్‌లో ఆ భాషలో ఎంతవరకు ఉందో చూసుకోండి, మధ్యలో ఆగిపోతే ఆ ఏడుపు మీరే పడాలి.

ప్రశ్న: అసలు యానిమే ఎందుకు, మాంగా చదివేస్తే పోలా? (పేరు రాయలేదు)

పోతుంది. సగం కంటే తక్కువ టైంలో అయిపోతుంది కూడా. 1100 అధ్యాయాలు దాటింది, ఒక్కోటి ఇంచుమించు 17, 18 పేజీలు. ఓడా ప్రతి గడినీ కిక్కిరిసేలా గీస్తాడు, ఫోన్‌లో చదివితే కళ్లు పీకుతాయి, ట్యాబ్ అయితే మేలు. పాటలు, గొంతులు, సముద్రం చప్పుడు ఉండవు, అంతే. 2022 జూలైలో ఆఖరి ఘట్టం మొదలైందని ఓడా చెప్పాడు కాబట్టి ముగింపు మాంగాలోనే ముందు వస్తుంది, అది జరిగిన రోజు ఎవరూ నోరు మూసుకుని కూర్చోరని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: 200 దగ్గరున్నాను. మా తమ్ముడు అన్నీ ముందే చెప్పేస్తున్నాడు. ఏం చేయాలి? (ఉద్యోగిని, బెంగళూరు)

తమ్ముడి సంగతి ఇంట్లో తేల్చుకోండి. వాడికంటే ప్రమాదకరమైనవి మూడున్నాయి. ఒకటి యూట్యూబ్, ఒక్కసారి వన్ పీస్ అని వెతికితే చాలు, మర్నాటి నుంచి వీడియోల బొమ్మల్లోనే ఎవరు చచ్చారో ఎవరు బతికారో పెట్టేస్తారు. పాత్ర పేరు గూగుల్‌లో కొట్టడం ఇంకా ఘోరం, పేరు పక్కన అది ఊహించే మాటలే సగం కథ చెప్పేస్తాయి. మూడోది యానిమేలోనే ఉంది, కొత్త ఓపెనింగ్ పాట వచ్చినప్పుడల్లా అందులో రాబోయే శత్రువులు, కొత్త మనుషులు కనిపిస్తారు. ఎపిసోడ్ చివర వచ్చే తర్వాతి భాగం ముక్కలూ అంతే, కొన్నిసార్లు ఎపిసోడ్ పేరులోనే ఫలితం ఉంటుంది. పాట కొత్తగా మారినప్పుడు మొదటి ఇరవై ఎపిసోడ్లు స్కిప్ కొట్టండి, ఆ తర్వాత విన్నా పర్లేదు. మొట్టమొదటి పాట 'వీ ఆర్!' మాత్రం ఎన్నిసార్లైనా వినండి, అందులో దాచాల్సింది పెద్దగా ఏమీ లేదు.