చేలో ట్రయల్ కెమెరా పెడితే కేసవుతుందా?

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర మాకు నాలుగెకరాల బుడ్డల (వేరుశనగ) చేను ఉంది. ఊడలు దిగి కాయ పడే టైముకి అడవిపందులు వచ్చి సాళ్ళకు సాళ్ళు తవ్విపోస్తున్నాయి. చేని గట్టు మీద ఒకటి, అడవి అంచున వంక దగ్గర చెట్టుకు ఇంకొకటి ట్రయల్ కెమెరాలు (ఎదుట ఏదైనా కదిలితే తమంతట తామే ఫొటో తీసేవి) కట్టినాం. అవి వచ్చే దారీ టైమూ తెలిస్తే ఉచ్చులు వేద్దామని స్నేహితులు అంటున్నారు. కెమెరా పెట్టడం తప్పా? వాన రాత్రుల్లో ఫొటోలు తెల్లగా, మసకగా పడుతున్నాయి. నష్టపరిహారానికి పనికొస్తాయా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ చేలో మీరు కెమెరా కట్టుకోవడం నేరం కాదు. ఉచ్చు మాట వచ్చిందంటే మాత్రం అదే కెమెరా మీ మీద సాక్ష్యమవుతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో సెక్షన్ 2(16) ‘వేట’ అంటే ఏమిటో చెబుతుంది. చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, ఎర వేసి రప్పించడం, తరమడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. పంది పడలేదు కదా అంటే కుదరదు. సెక్షన్ 52 ప్రకారం తోడ్పడినవాడూ నేరం చేసినట్టే లెక్క. మీరు ఇంట్లోనే పడుకొని ‘రాత్రి రెండింటికి వంక దాటుతున్నాయి’ అని ఫొటో వాట్సాప్‌లో పెట్టారనుకోండి, దాన్ని చూసి స్నేహితులు క్లచ్ వైరుతో ఉచ్చు బిగిస్తే కేసులో మీ పేరూ ఉంటుంది. ఈ కెమెరాతో జింకల దారి పట్టి కొట్టే అమెరికా వీడియోలు చూసి మోసపోకండి. అక్కడ లైసెన్సులున్నాయి, సీజన్లున్నాయి. మన దగ్గర వేట లైసెన్సులు 1991 సవరణతోనే పోయాయి.

2022 సవరణ తర్వాత అడవిపంది ఈ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఉచ్చుకు పందేదో ఎలుగుబంటేదో తెలియదు. మీ వైపు గుట్టల్లో ఎలుగులూ చిరుతలూ తిరుగుతాయి. అవి మొదటి షెడ్యూలు జంతువులు. ఒక్కటి తగులుకున్నా మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. కరెంటు తీగ ఆలోచన అసలే వద్దు. మనిషి తగిలితే అది హత్య కాని నరహత్య కేసు దాకా పోతుంది.

వంక దగ్గరి కెమెరాను ముందు తీసేయండి. ఆ చెట్టు సరిహద్దు రాళ్ళకు అవతల ఉంటే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 సెక్షన్ 20 కింద రిజర్వ్ ఫారెస్టులో అక్రమ ప్రవేశమే. కడప వైపు లంకమల లాంటి అభయారణ్యమైతే వన్యప్రాణి చట్టం సెక్షన్ 27, 28 కింద అనుమతి లేకుండా ఫొటో తీయడానికి కూడా లోపలికి పోకూడదు. పైగా వంకకు ఆడవాళ్ళు స్నానాలకు వస్తుంటే ఆడవాళ్ళను చాటుగా ఫొటో తీయడాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కూడా తలకు చుట్టుకోవచ్చు.

చట్టబద్ధమైన దారి వన్యప్రాణి చట్టం సెక్షన్ 11(1)(బి). నిలిచి ఉన్న పంటకు ముప్పు తెస్తున్న రెండో షెడ్యూలు జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం పొందిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీలవారీ నష్టం రాసి డీఎఫ్ఓకు (అటవీ డివిజన్ అధికారికి) అర్జీ పెట్టి, రశీదు తీసుకోండి. పంట కాపలాకని తుపాకీ లైసెన్సు ఉన్నా ఈ అనుమతి వేరే కావాలి. అనుమతితో చంపినా కళేబరం ప్రభుత్వానిదే, కూరకు కాదు.

ఈ అర్జీకైనా, పరిహారానికైనా మీ ఫొటోలు బలమే, తేదీ సరిగ్గా ఉంటే. వానాకాలంలో దెబ్బతినేది అక్కడే. తడికి బ్యాటరీలు దిగిపోతే కొన్ని కెమెరాల్లో గడియారం మొదటికి పోతుంది, నిన్నటి పందికి ఏళ్ళనాటి జనవరి 1 పడుతుంది. ఆల్కలైన్ సెల్స్ బదులు లిథియం వేయండి, ప్రతిసారీ తేదీ సరిచూడండి. నీళ్ళు ఎక్కువగా దూరేది మూత అంచు రబ్బరు దగ్గర. అక్కడ ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు. గుడ్డతో తుడిచి, పలచగా సిలికాన్ గ్రీజు రాయండి. లోపల సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చండి. వాన పడుతుండగా మూత తీయొద్దు. తెల్లటి మసకకు కారణం రెండింటిలో ఒకటి: అద్దం మీద ఆవిరి, లేదా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చినుకులకు తగిలి వెనక్కి రావడం. రెండడుగుల లోపు కడితే బురద చిల్లుతుంది. మూడడుగుల ఎత్తున కట్టి కొంచెం కిందికి వంచండి, ఎదుట ఆరడుగుల మేర గడ్డి కోయండి.

ఎవరు తవ్వారో ఈ కెమెరా చెబుతుంది, ఎంత పోయిందో చెప్పదు. మరో వాన పడితే గిట్టల గుర్తులు చెరిగిపోతాయి. అందుకని తెల్లారగానే గుంతల పక్కన టేపు పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసి, రైతు సేవా కేంద్రానికీ అటవీ బీటు ఆఫీసరుకీ చెప్పి పంచనామా అడగండి.

వాట్సాప్‌లో పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. కోర్టుకు పోతే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. అందుకే కెమెరాలోని అసలు మెమరీ కార్డు తీసి, కవరులో పెట్టి, తేదీ రాసి దాచండి, కెమెరాలో కొత్తది వేయండి. ఆఫీసులో ఫొటోలు అడిగితే కాపీలు ఇవ్వండి. కార్డే కావాలంటే రశీదు రాయించుకొని ఇవ్వండి.