కిసుము ప్రయాణం, బుడ్డోడితో

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు, బుడ్డోణ్ణి తీసుకుని కెన్యాలోని కిసుముకి, అక్కడి బళ్ళో జీతం లేకుండా పాఠాలు చెప్పడానికి వెళ్తున్నా అనగానే నాకు ఒళ్ళు జలదరించిందంటే నమ్ము. మా పాపని వెంటబెట్టుకుని 2012లో ఆ ఊళ్ళోనే ఐదు వారాలు ఉన్నాను కదా, అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, మీ బుడ్డోడికి ఇప్పుడు ఏడు. మళ్ళీ 2018లో ఒక్కదాన్నే వెళ్ళొచ్చా. మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేసి "అక్కా, నువ్వైనా చెప్పు దానికి, పసివాణ్ణేసుకుని ఆఫ్రికా ఏంటి" అన్నాడు, నేను ఆపను అని చెప్పేశా. కానీ నువ్వు అనుకున్నట్టు టికెట్లు బుక్ చేసుకుని, సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయే పని కాదు ఇది, మూడు నాలుగు నెలల ముందు నుంచి చూసుకోవాలి, అందుకే కూర్చుని రాస్తున్నా, ఒకటికి రెండుసార్లు చదువు.

అన్నిటికంటే ముందు ఒక మాట. నిన్ను పిలిచిన సంస్థ వాళ్ళకి రోజంతా పనిచేస్తానని మాటిచ్చావట. ఇవ్వకు. పిల్లాడు పక్కనుంటే నీ టైం సగమే నీది. నేను ఫుల్ టైం అని ఒప్పుకుని వెళ్ళా, రెండో వారం పాపకి విరేచనాలు పట్టుకున్నాయి, అవతల అరవై మంది పిల్లల క్లాసు నాకోసం కూర్చుని ఉంది, ఇటు ఇది నా కొంగు వదలదు, ఆ నాలుగు రోజులు ఇద్దరికీ న్యాయం చెయ్యలేకపోయా. పూటకి రెండు గంటలు మాత్రమే, అదీ నాతోపాటు అక్కడి టీచర్ ఒకరు క్లాసులో ఉండాలి అని ఇప్పుడే మెయిల్ పెట్టు. తక్కువ చెప్పి అది నిలబెట్టుకుంటే వాళ్ళకీ మంచిదే, నువ్వొచ్చేశాక ఆ లెక్కల క్లాసు నడిపేది ఆ టీచరే కదా.

ఇంకోటి, వాళ్ళు "మధ్యాహ్నాలు అనాథ పిల్లల హోంకి రండి, మీ బాబు వాళ్ళతో ఆడుకుంటాడు" అంటే వద్దని చెప్పు. మమ్మల్ని తీసుకెళ్ళిన సంస్థ కూడా స్కూల్ అని చెప్పి మూడో రోజు హోంకి పంపింది. నాలుగేళ్ళ పిల్ల ఒకత్తి మా పాప చూపుడువేలు పట్టుకుంది, సాయంత్రం దాకా వదల్లేదు, దాని ఒళ్ళోనే నిద్రపోయింది, మేం బయల్దేరుతుంటే చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా పరిగెత్తుకొచ్చింది మాతో వచ్చేద్దామని. ఆదివారం ఒకామె ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి కాగితంలో చుట్టుకుని వచ్చింది, ఆ పిల్ల వాళ్ళమ్మ! మార్కెట్లో చేపలమ్ముకుంటుంది, చదువూ తిండీ పెడతామంటే ఇక్కడ వదిలింది. "అమ్మ ఉంది కదమ్మా, మరి తను ఇక్కడెందుకు పడుకుంటోంది" అని మా పాప అడిగింది, నా దగ్గర జవాబు లేదు. నాలాంటి వాళ్ళు వచ్చి చూసి డబ్బులిచ్చి వెళ్తుంటారు కాబట్టే అలాంటి హోంలు నడుస్తున్నాయని తర్వాత అర్థమైంది, మర్నాటి నుంచి స్కూల్ తప్ప ఎక్కడికీ రానని చెప్పేశా. కెన్యా ప్రభుత్వం 2017లోనే కొత్త హోంల రిజిస్ట్రేషన్ ఆపింది, 2022లో వచ్చిన చిల్డ్రన్ యాక్ట్ కూడా పిల్లలు కుటుంబంలోనే పెరగాలనే చెప్తుంది. నెల రోజులుండి వెళ్ళిపోయే మనకి ఆ పిల్లలు అలవాటు పడితే, మనం వచ్చేసిన రోజు వాళ్ళకి ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు, నువ్వూ తల్లివే.

ఇక టైం. మనకి వేసవి సెలవులు కదా అని ఏప్రిల్‌లో వెళ్దామనుకుంటున్నావు, అక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, పైగా ఏప్రిల్‌లో వాళ్ళ స్కూళ్ళకీ సెలవులే, ఖాళీ బడికి వెళ్ళి ఏం చేస్తావు? మే ఆఖర్లో బయల్దేరి జూన్ చివరికి వచ్చెయ్, బుడ్డోడికి ఇక్కడ రెండు మూడు వారాలు క్లాసులు పోతాయి, పోనీ, రెండో క్లాసేగా. ప్రిన్సిపాల్‌కి ముందే లెటర్ ఇచ్చి పెట్టుకో.

పేపర్ల విషయం త్వరగా చెప్పేస్తా. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్ళే ఉంటుంది, వాడిది వాడు పుట్టిన ఏడాదికి తీసినట్టు గుర్తు, అదే నిజమైతే ఈపాటికి గడువు అయిపోయుంటుంది, ఇవాళే బీరువాలోంచి తీసి డేట్ చూడు, వెళ్ళే నాటికి కనీసం ఆర్నెల్లు మిగిలుండాలి. మీ ఆయన రావట్లేదు కాబట్టి "మా అబ్బాయిని తల్లి తీసుకెళ్తోంది, నాకు అభ్యంతరం లేదు" అని ఆయనతో లెటర్ రాయించి నోటరీ చేయించు, బర్త్ సర్టిఫికెట్ కాపీతో కలిపి హ్యాండ్ బ్యాగులో పెట్టుకో. 2024 జనవరి నుంచి కెన్యాకి వీసా బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, బుడ్డోడికీ విడిగా కావాలి. కానీ అది చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళకి, జీతం లేకపోయినా బళ్ళో పాఠం చెప్తే అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళ లెక్కలో అది పనే, దానికి స్పెషల్ పాస్ కావాలి, నిన్ను పిలిచిన సంస్థే అప్లై చెయ్యాలి. "ఏం పర్లేదు టూరిస్ట్ అని చెప్పండి" అని వాళ్ళు అంటే ఆ సంస్థతో వెళ్ళకు. చిన్న పిల్లాణ్ణి పక్కన నిలబెట్టుకుని కౌంటర్ దగ్గర అబద్ధం చెప్పాల్సిన ఖర్మ నీకెందుకు.

టీకాలకి మాత్రం తొందరపడు. ఎల్లో ఫీవర్ టీకా మామూలు ఆసుపత్రుల్లో వెయ్యరు, గవర్నమెంట్ గుర్తించిన సెంటర్లలోనే, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. మేం వెళ్ళినప్పుడు వారంలో కొన్ని రోజులే వేసేవాళ్ళు, ఫోన్ చేసి కనుక్కుని ఒరిజినల్ పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్ళు. వేశాక పసుపు పుస్తకం ఇస్తారు, వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఇదివరకు పదేళ్ళకే పనికొచ్చేది, 2016 నుంచి జీవితాంతం. ఆ పుస్తకం లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, పాస్‌పోర్ట్‌తో పాటు దాచుకో. బుడ్డోడికి గుడ్డు తింటే దద్దుర్లొస్తాయని చెప్పావు చూడు ఒకసారి, అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, ఆ టీకా కోడిగుడ్లలోనే తయారుచేస్తారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలకి వేసేది) లాంటి టీకాలు బాకీ ఉంటే దేనికి దేనికి ఎంత గ్యాప్ ఇవ్వాలో పిల్లల డాక్టరే చూసి చెప్తారు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ కూడా అడుగు. కుక్కకాటుకి ముందుగా వేసే టీకా గురించి కూడా అడుగు, వీడు కుక్క కనిపిస్తే చాలు దగ్గరికి పోతాడు కదా. కరిస్తే ముందు సబ్బుతో ధారగా పావుగంట కడగాలి, తర్వాత ఆసుపత్రికి, ఇది వాడికీ నేర్పు, కుక్క గీరినా దాచకుండా చెప్పమను.

మలేరియా గురించి కాస్త పెద్దగా రాస్తా, ఎందుకంటే నైరోబీ వెళ్ళొచ్చిన వాళ్ళు నీకు "అక్కడ దోమలే లేవు" అని చెప్తారు. నైరోబీ ఎత్తు మీద ఉన్న ఊరు, చల్లగా ఉంటుంది, దోమలున్నా మలేరియా చాలా తక్కువ, వాళ్ళు చెప్పేది అంతవరకే నిజం. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, ఏడాది పొడుగునా మలేరియా ఉండే చోటు, అదీ మెదడుకెక్కే రకం. మన పాత క్లోరోక్విన్ అక్కడ పనిచెయ్యదు. రాకుండా ముందే వేసుకునే మాత్రలుంటాయి, ఒక రకం బయల్దేరే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ వేసుకుని తిరిగొచ్చాక ఇంకో ఏడు రోజులు వెయ్యాలి, ఇంకో రకం వారానికొకటి, అది రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టి వచ్చాక నాలుగు వారాలు. పిల్లాడి బరువు చూసి డాక్టర్ రాసిందే వెయ్యి, ఎవరో చెప్పారని నువ్వు సగం చేసి వెయ్యకు. అవి చేదు, మా పాప మూడో రోజు ఉమ్మేసింది, ఆ తర్వాత అరటిపండు ముక్కలో పెట్టి ఇచ్చేదాన్ని. మందు పట్టించిన దోమతెర ఇక్కడే కొనుక్కో, సాయంత్రం ఆరయ్యేసరికి ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు, దోమతెర అంచులు పరుపు కిందకి దోపాలి, ఎంత అలిసిపోయి వచ్చినా సరే ఆ పని నువ్వే స్వయంగా చూడు.

సరస్సులో కాలు పెట్టనివ్వకు. ఇది చాలా కష్టం, నాకు తెలుసు, సముద్రంలా ఉంటుంది, అక్కడి పిల్లలు దూకుతుంటారు, మా పాప గట్టు మీద కూర్చుని ఏడ్చింది. కానీ ఆ నీళ్ళలో నత్తల నుంచి వచ్చే పురుగు చర్మంలోంచే ఒంట్లోకి దూరుతుంది, బిల్హార్జియా అంటారు. డుంగా బీచ్ దగ్గర పడవ ఎక్కించు, నీటి ఏనుగులు కనిపిస్తే ఇక ఆ ఏడుపు మర్చిపోతాడు.

తిండికి కంగారు పడకు. పొద్దున బళ్ళో ఉజి అని వింబి జావ ఇస్తారు, వింబి అంటే మన రాగులే, చిక్కటి రాగిజావ అన్నమాట. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంకటి, సుకుమా వికి అని ఆకుకూర వేపుడుతో పెడతారు, మా పాప దాన్ని పెరుగేసుకుని తినేసేది. చపాతీని వాళ్ళూ చపాతీ అనే అంటారు. కందులు వాళ్ళే పండిస్తారు, ఊళ్ళో గుజరాతీ వాళ్ళ కొట్లున్నాయి, పప్పు మోసుకెళ్ళకు. కందిపొడి, చింతపండు గుజ్జు, ఓఆర్ఎస్ పొట్లాలు ఓ ఇరవై, అంతే. వీటిని క్యారీ బ్యాగుల్లో చుట్టకు, 2017 ఆగస్టు నుంచి అక్కడ ప్లాస్టిక్ కవర్లు నిషేధం, 2018లో నా బ్యాగులోవి ఎయిర్‌పోర్ట్‌లోనే తీయించేశారు, గుడ్డ సంచులు కుట్టించుకో. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, అడాప్టర్ కావాలి. దిగగానే పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకుని ఎంపెసా, అంటే ఫోన్‌లోంచే డబ్బులు కట్టేది, పెట్టించుకో, కూరగాయల దగ్గర కూడా అదే నడుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, బుడ్డోణ్ణి సిద్ధం చెయ్యడం. మనిళ్ళల్లో "నల్లగా ఉన్నాడు", "ఎండలో ఆడకు నల్లబడతావు" అని రోజుకి పదిసార్లు అంటాం కదా, వాడు అది వింటూ పెరిగాడు. ఇవాళ్టి నుంచి ఆ మాటలు ఇంట్లో ఆపించు, మీ అత్తగారికి కూడా నచ్చజెప్పు. అక్కడికెళ్ళి తోటి పిల్లాడి ఎదురుగా వాడు ఆ మాట అంటే తెలుగు రాకపోయినా వాడి ముఖం చూసి వాళ్ళకి అర్థమైపోతుంది. అలాగే వాళ్ళూ వీణ్ణి చూస్తారు, జుట్టు పట్టుకుని చూస్తారు, "ముహిండి" అని పిలుస్తారు, అంటే ఇండియా మనిషి అని, తిట్టు కాదు. ఇష్టం లేకపోతే చెయ్యి మెల్లగా తీసి నవ్వమని నేర్పు, మా పాప జడని ముప్పై మంది ముట్టుకున్నారు మొదటి రోజు, సాయంత్రానికి దాని రిబ్బన్లు వాళ్ళకి, వాళ్ళ పిలకలు దీనికి.

నాలుగు మాటలు నేర్పించు. స్వాహిలీలో అసాంటే అంటే థాంక్స్, అక్కడి లువో వాళ్ళ భాషలో అయితే ఎరొకమానో, అది అన్నావంటే ముసలమ్మలు మురిసిపోతారు. ఎవరైనా కింద పడితే, ఎవరికైనా కష్టమొస్తే "పోలె" అంటారు, మన తప్పు లేకపోయినా అంటారు, "అయ్యో పాపం" లాగా. మా పాప ఇప్పటికీ అంటుంది.

చాక్లెట్లు పంచనివ్వకు. మా పాప సంచి విప్పి పంచింది, నలభై ఉన్నాయి, పిల్లలు డెబ్బై, చివరికి రెండు చెంపదెబ్బలు, ఒక చిరిగిన చొక్కా. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పక్కకి పిలిచి, ఏమిచ్చినా నా చేతికివ్వమ్మా, మా పిల్లలకి అడుక్కోవడం అలవాటు చెయ్యొద్దు అంది, తల దించుకున్నా. ఫొటోలు కూడా అంతే, మీ అబ్బాయి స్కూల్లో ఎవరో వచ్చి వాడి ఫొటో తీసి స్టేటస్‌లో పెడితే నువ్వు ఊరుకుంటావా? పిల్లల ముఖాలు పెట్టకు.

వాడు తీసుకెళ్ళాల్సింది ఆట. వాళ్ళకి బావో అని ఒక ఆట ఉంది, చెక్కలో గుంటలు, అందులో గింజలు వేసుకుంటూ పోవడం, చూడగానే నేను "ఇది మన వామనగుంటలే కదే" అని అరిచేశా. మా పాప తనతో తెచ్చుకున్న వామనగుంటల పీట వాళ్ళ ముందు పెట్టాక వాళ్ళ పద్ధతి ఇది నేర్చుకుంది, మన పద్ధతి వాళ్ళు నేర్చుకున్నారు, దానికి స్నేహితులు అలా అయ్యారు. చింతపిక్కలు మాత్రం వద్దు, విత్తనాలంటే కస్టమ్స్‌లో అడుగుతారు, గులకరాళ్ళు అక్కడే బోలెడు.

తిరిగొచ్చాక మాత్రలు పూర్తయ్యేదాకా వెయ్యి, ఇంటికొచ్చేశాం కదా అని ఆపకు. ఆ తర్వాత మూడు నాలుగు నెలల్లో వాడికి ఎప్పుడు జ్వరమొచ్చినా డాక్టర్‌తో మొదటి మాటే "కెన్యా వెళ్ళొచ్చాం" అని చెప్పి రక్తపరీక్ష చేయించు.

ఆదివారం బుడ్డోణ్ణి తీసుకుని ఇంటికి రా, ఆ వామనగుంటల పీట అటక మీద ఉంది, దించి తుడిచి పెడతా, వచ్చేటప్పుడు వాడి పాస్‌పోర్ట్ కూడా పట్టుకురా, డేట్ నేనూ చూస్తా.

మీ అత్త